వ్యాసంలో పూర్వపక్షం ఏది?

సంపాదకులకు నమస్కారం. మీ విద్యా పేజీలో వచ్చే సూక్తుల పట్టిక చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తెలంగాణ గ్రూప్‌–1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరుకు 150 మార్కులు. మూడు గంటల్లో మూడు వ్యాసాలు. అంటే ఒక్కోదానికి గంట. అందులో మొదటి పది నిమిషాలు సూక్తి వెతుక్కోవడానికే పోతున్నాయి. ఆ సమయం ఎదుటివారి వాదాన్ని చిత్తుకాగితం మీద పెట్టుకోవడానికి వాడితే వ్యాసం స్వరూపమే మారిపోతుంది.

మన శాస్త్ర గ్రంథాలకు ఇది పాత అలవాటే. ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివారి వాదం; తర్వాత దాని ఖండన, ఆపైన సిద్ధాంతం, అంటే మన నిర్ణయం. వ్యవసాయానికి ఉచిత విద్యుత్తునే తీసుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైంది. దాన్ని సమర్థిస్తూ రాసేవారు 'విమర్శకులకు రైతు గోడు పట్టదు' అని తోసేస్తే వాదం అక్కడే పల్చబడుతుంది. అసలు అభ్యంతరం వేరు: కరెంటుకు వెల లేకపోతే మోటారు కట్టెయ్యాలన్న తొందర ఉండదు, భూగర్భజలం అడుగంటుతుంది. ఈ మాటను, అవతలివాళ్లు 'మేమన్నది ఇదే' అనేటంత నిజాయతీగా నాలుగైదు వాక్యాల్లో రాయాలి. అందులో నిజమున్నంత మేర ఒప్పుకోవాలి. అప్పుడు జవాబు: కాలువ కింది రైతుకు నీరు ప్రభుత్వ ఖర్చుతో వస్తోంది, బోరు రైతు తవ్వకం, మోటారు, కాలిన వైండింగు ఖర్చు సొంతంగా భరిస్తున్నాడు. ఉచిత విద్యుత్తుకు బిందుసేద్యాన్ని షరతుగా పెట్టాలన్న సూచన ఆ తర్వాత వస్తేనే నిలుస్తుంది. పూర్వపక్షం వ్యాసం మొదటి సగంలోనే రావాలి. చివర్లో పెడితే చదివేవారికి ఆ సందేహమే మిగులుతుంది.

ఇక వాక్యం సంగతి. తెలుగులో బరువు తరచుగా క్రియకు ముందున్న మాట మీద పడుతుంది. ఆ మాటను వాక్యం చివరికి తెచ్చి 'ఏ' చేరిస్తే బరువు ఇంకా పెరుగుతుంది. 'బోరు ఎండితే అప్పు రైతు మీద పడుతుంది' అన్నదాన్ని 'బోరు ఎండితే అప్పు పడేది రైతు మీదే' అని తిప్పితే దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది. ప్రతి వాక్యాన్నీ ఇలా తిప్పకూడదు, పేరాకు ఒకటి చాలు. ఒకే ముగింపును వరుసగా మూడుసార్లు వాడితే ఊపు వస్తుంది, నాలుగోసారికి ఉపన్యాసమవుతుంది. ప్రశ్న వేస్తే దానికి జవాబు ఒక్కటే ఉండాలి. 'ఇది న్యాయమా?' అంటే 'న్యాయమే' అనుకునేవారూ ఉంటారు.

మీ విద్యా పేజీలో సూక్తుల పట్టికకు బదులు వారానికి ఒక అంశమిచ్చి, దానికి గట్టి పూర్వపక్షాన్ని 100 మాటల్లో రాయమని అభ్యర్థులను అడగండి. వచ్చినవాటిలో ఒకదాన్ని దిద్దుబాట్లతో సహా అచ్చువేయండి.

– ఒక తెలుగు అధ్యాపకుడు, నల్లగొండ