కుటుంబ సమాధుల స్థలం: జమా ఖర్చుల వివరణ

దాతలకు, దాయాదులకు నమస్కారం. మూడు నెలల కిందటే రావలసిన లెక్క ఇది. ఆలస్యం మాదే, క్షమించండి. "కమిటీ డబ్బు మింగింది" అన్న మాటకు మాత్రం జవాబు చెప్పక తప్పదు. సొమ్ము వేర్వేరు దేశాల నుంచి వేర్వేరు కరెన్సీల్లో వచ్చింది గనుక ఇక్కడ వందకు ఇంత అని పాళ్లలో రాస్తున్నాం. అసలు అంకెలు, రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇంతవరకు ఒక్కరే వచ్చారు.

జమ: కుటుంబ శాఖల విరాళాలు 71, చుట్టుపక్కల దుకాణదారులు ఇచ్చినది 18, కూలిన చెట్ల కలప అమ్మగా వచ్చినది 9, బ్యాంకు వడ్డీ 2. దుకాణదారులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మన సమాధి రాళ్ల కింద వారి వాళ్లెవరూ లేరు. ఇస్తామని పేరు రాయించుకున్న మనవాళ్లలో మూడో వంతు మంది ఇంకా పంపలేదు.

ఖర్చు: తుప్పలు కొట్టించడం 8, పాత దస్తావేజుల నకళ్లు 3, కొలతలు, హద్దురాళ్లు 11, కంచె 17, వాననీటి కాలువ 14, రాళ్ల మరమ్మతు 6, తపాలా, కాగితాలు 1, రాడార్ సర్వే 34. నిల్వ 6.

గొడవంతా ఆ 34 దగ్గరే. "ఒక్క ఒరిగిన రాయిని నిలబెట్టకుండా నేలలోకి చూసే యంత్రానికి మూడో వంతు తగలేశారు" అని రాసినవారు స్థలాన్ని చూసి ఎన్నాళ్లయిందో మాకు తెలియదు. మూడు వైపులా వాణిజ్య సముదాయం, నాలుగో వైపు వాహనాలు నిలిపే చోటు. వాళ్లు మెరక చేసుకుని పైన తారు పరిచారు, మనది పల్లమైంది. తారు మీద పడిన వాన ఇంకదు, అంతా మన మీదికే వస్తుంది. నీళ్లు పోవాలంటే కాలువ తవ్వాలి. రాయి లేని సమాధులు ఎక్కడున్నాయో తెలియకుండా గునపం ఎక్కడ దించాలి? పోనీ, ముందు రాడార్ తెద్దామంటే, తడి బంకమట్టి ఆ తరంగాలను మింగేస్తుంది, యంత్రానికి ఏమీ కనబడదు. నేల ఆరాలంటే కాలువ కావాలి, కాలువకు సర్వే కావాలి. ఈ ముడి విప్పడానికే ఏడు నెలలు పట్టింది. చివరికి సముదాయం వారి అనుమతితో కాలువను మన హద్దు బయటే తవ్వించాం. వారి సంతకం కోసం పదకొండుసార్లు తిరిగాం. ఆ తిరుగుడు ఖర్చు లెక్కలో వేయలేదు.

ఆ యంత్రం ఎముకలను చూడదు. రేడియో తరంగాలను లోపలికి పంపి, తిరిగి వచ్చినవాటిని నమోదు చేస్తుంది. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి, ఎన్నడూ కదలని మట్టిలా ఉండదు. ఆ తేడాను బట్టి గుంట ఆకారం తెలుస్తుంది. పైన రాళ్లు 23 ఉన్నాయి. కింద సమాధి గుంటలని నమ్మదగిన చోట్లు 41 తేలాయి. వాటిలో కొన్ని బాగా పొట్టివి. రెండు పాత కంచె గీతకు అవతల ఉన్నాయి. సర్వే చేయించకపోతే కొత్త కంచె స్తంభాలు సరిగ్గా వాటిలోనే దిగేవి. దీన్ని తగలేయడం అంటారా?

సర్వే చేసినవారు మా సభ్యుడొకరికి బంధువే. దాచలేదు, సమావేశం పుస్తకంలో రాసి ఉంది. మన ఇంట్లో ఎవరికి ఎవరు బంధువు కారు? మూడు ధరలు తెప్పించాం. ఆయనది మధ్యది. అన్నిటికంటే తక్కువ అడిగినవారు పటం ఇవ్వలేమన్నారు, పటం లేని సర్వేతో మనకేం పని?

రాళ్లకు 6 పాళ్లే ఎందుకంటే, మరమ్మతుకు వచ్చిన పనివారు సిమెంటు, ఇనుప బ్రష్షు పట్టుకుని వచ్చారు. పనిని మధ్యలో ఆపించాం. సిమెంటు ఆ పాత రాయికంటే గట్టిది. లోపలి తడి అతుకు గుండా బయటికి పోలేక, రాయే పొరలుగా ఊడుతుంది. సున్నం గారతోనే చేయాలి. వారిని కుదిర్చిన పెద్దాయన నొచ్చుకుని రెండో విడత విరాళం ఆపేశారు. ఆయన మొదటి విడతకు మా కృతజ్ఞతలు అలాగే ఉన్నాయి.

అన్నిటినీ తవ్వి వేరేచోటికి మార్చి స్థలం అమ్మేద్దామన్న ఉత్తరాలు కూడా అందాయి. అమెరికాలోని సవానాలో విమానాశ్రయం విస్తరించినప్పుడు డాట్సన్ కుటుంబ శ్మశానంలో చాలా సమాధులను తరలించారు. వారసులు ఒప్పుకోని రెండు ఇప్పటికీ రన్‌వేలోనే ఉన్నాయి, వాటి ఫలకాలను అక్కడే పరిచారు. న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో 1828లో చనిపోయిన మేరీ ఎల్లిస్ సమాధి సినిమా హాలు పార్కింగు మధ్యలో ఉంది. రన్‌వే మధ్యలో, పార్కింగు మధ్యలో ఉండనిచ్చినవారున్నారు. మన ముందున్నవి కొట్లు మాత్రమే. అమ్మకం మాట ఈ కమిటీ ఉన్నంతకాలం సమావేశానికి రాదు.

నిల్వ ఉన్న 6 పాళ్లతో సున్నం పని మొదలవుతుంది, పూర్తి కాదు. ముఖద్వారం దగ్గర పేర్ల ఫలకం తానే చేయిస్తానని మాట ఇచ్చిన దాత తన పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉండాలో రెండు ఉత్తరాలు రాశారు. కొలత అందింది. సొమ్ము అందలేదు.