ఆయిల్ ఫిల్టర్ బిగించేముందు పాత రబ్బరు రింగు చూసుకోవాలి

అయ్యా,

ఇంట్లోనే కారు ఇంజిన్ ఆయిల్ మార్చుకోవడంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం బాగుంది. ఏ గ్రేడు ఆయిల్ పోయాలో, ఎప్పుడు మార్చాలో వివరంగా రాశారు. ఫిల్టర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘పాతది విప్పేసి కొత్తది పానాతో గట్టిగా బిగించాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఈ పనిలో ఇంజిన్‌కే ఎసరు పెట్టే పొరపాట్లు కొన్ని సరిగ్గా అక్కడే జరుగుతాయి. పానాతో బిగించమనడం కూడా సరికాదు. అందుకే ఈ ఉత్తరం.

చాలా కార్లలో ఉండేది మర తిప్పి బిగించే డబ్బా ఫిల్టర్. దాని మూతి చుట్టూ ఉన్న రబ్బరు రింగు ఇంజిన్ బ్లాకు మీది నున్నటి భాగానికి అదుముకుని ఆయిల్‌ను బయటికి రానివ్వదు. పాత ఫిల్టర్ విప్పినప్పుడు ఆ రింగు ఒక్కోసారి డబ్బాతో పాటు ఊడిరాదు. వేడికి అంటుకుపోయి బ్లాకు మీదే ఉండిపోతుంది. నల్లటి లోహం మీద నల్లటి ఆయిల్ పూసుకున్న నల్ల రింగు, పైగా కారు కింద చీకటి. అంత తేలిగ్గా కనపడదు. దాని మీదే కొత్త ఫిల్టర్ ఎక్కిస్తే రింగు మీద రింగు పడుతుంది. చేతికి బాగానే బిగిసినట్టు ఉంటుంది. ఇంజిన్ ఆగి ఉన్నంతసేపు చుక్క కూడా కారకపోవచ్చు. స్టార్ట్ చేశాక పంపు ఒత్తిడికి ఒక రింగు పక్కకు జారుతుంది, ఆ సందులోంచి ఆయిల్ చిమ్ముతుంది. చాంబర్లోని, అంటే ఇంజిన్ అడుగు తొట్టిలోని మూడు నాలుగు లీటర్లు నేలపాలు కావడానికి ఎంతోసేపు పట్టదు.

కనుక విప్పిన ఫిల్టర్‌ను పక్కన పెట్టకముందే తిరగేసి రింగు దానికే ఉందో లేదో చూడాలి. ఉన్నా సరే, బ్లాకు ముఖాన్ని పోగులు రాని గుడ్డతో తుడిచి, టార్చి వేసి, చుట్టూ వేలితో తడమాలి. రింగు అక్కడే ఉండిపోతే గోటితోనో ప్లాస్టిక్ ముక్కతోనో లాగాలి. స్క్రూడ్రైవర్‌తో గీకకూడదు. గీత పడితే దాని వెంబడి ఆయిల్ ఊరుతూనే ఉంటుంది.

కొత్త ఫిల్టర్ సరైనదేనా అన్నది మరో సంగతి. ‘మర ఎక్కింది కదా’ అన్నది లెక్కలోకి రాదు. ఫిల్టర్ మరల్లో రెండు కొలతలు చూపుకి కవలల్లా ఉంటాయి: ఒకటి 20 మిల్లీమీటర్ల వ్యాసం, 1.5 మిల్లీమీటర్ల పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం), రెండోది 3/4 అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు, అంగుళానికి 16 మరలు. 20 మిల్లీమీటర్ల ఫిల్టర్, బ్లాకుకున్న 3/4 అంగుళం మర గొట్టం మీదికి వదులుగా ఎక్కేస్తుంది, మర అంచులు మాత్రం పైపైనే పట్టుకుంటాయి. ఒత్తిడికి అది ఊడిపోగలదు. రింగు వ్యాసం, మర పాతదానితో సరిపోయినా లోపలి వాల్వులు వేరుగా ఉండవచ్చు. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో ఉండే ఇంజిన్లలో, బండి ఆగినప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే వాల్వు ముఖ్యం. అది సరిగా పనిచేయకపోతే ఫిల్టర్ రాత్రికి రాత్రే ఖాళీ అవుతుంది, పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ కాసేపు టకటకలాడుతుంది. అందుకే మీ ఇంజిన్‌కు తయారీదారు చెప్పిన పార్టు నంబరుతో సరిచూసుకునే కొనాలి.

ఇక బిగించడం. కొత్త రింగుకు చుట్టూతా వేలితో కొత్త ఇంజిన్ ఆయిల్ పలచగా రాయాలి. గ్రీజు వద్దు. పొడి రింగు తిప్పేటప్పుడు జారక మెలి తిరుగుతుంది, రాన్రానూ బ్లాకుకు అతుక్కుపోతుంది. వచ్చేసారి రింగు మీద రింగు పడడానికి ఇక్కడే బీజం పడుతుంది. ఫిల్టర్ మూతి పైకి ఉండేలా ఎక్కే ఇంజిన్ అయితే ముందే కొంత ఆయిల్ నింపుకోవచ్చు, స్టార్టింగ్‌లో ఒత్తిడి త్వరగా వస్తుంది. కాకపోతే అంచున ఉన్న చిన్న రంధ్రాల్లోంచే పోయాలి. ఆయిల్ వాటిలోంచి లోపలికెళ్లి, వడకట్టాక నడి రంధ్రంలోంచి బయటికొస్తుంది. నడి రంధ్రంలో పోస్తే, అందులో పడిన నలుసు వడపోత లేకుండా నేరుగా బేరింగులకు చేరుతుంది. అడ్డంగా ఎక్కే ఫిల్టర్‌కు నింపకపోయినా ఫరవాలేదు.

వేళ్లతో పట్టుకుని తిప్పితే మొదటి రెండు మూడు చుట్లు బలం పెట్టకుండా వెళ్లాలి. పట్టేసిందంటే మర వంకరగా ఎక్కినట్టే, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. రింగు బ్లాకుకు తగలగానే ఆగి, డబ్బా మీద మార్కరుతో గీత పెట్టండి. అక్కడి నుంచి చాలా ఫిల్టర్లకు ముప్పావు చుట్టు, కొన్నింటికి ఒక చుట్టు. ఎంతన్నది అట్టపెట్టె మీదో డబ్బా మీదో ఉంటుంది. ఆ గీత లేకపోతే ముప్పావు చుట్టు తిరిగిందో లేదో చెప్పలేం. ఇదంతా చేత్తోనే చేయాలి, చేతికి, డబ్బాకు ఆయిల్ జిడ్డు లేకుండా తుడుచుకుని. ఫిల్టర్ పానా విప్పడానికే. చెయ్యి పట్టని ఇరుకు అయితే టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే పానా) పెట్టి, మాన్యువల్‌లో ఉన్న అంకె దాకానే బిగించాలి. అతిగా బిగిస్తే రింగు నలిగి బయటికి ఉబ్బుతుంది, మళ్లీ విప్పేటప్పుడు డబ్బా నలిగిపోతుంది తప్ప మర కదలదు. అప్పుడు చాలామంది స్క్రూడ్రైవర్ దిగ్గొట్టి తిప్పబోతారు, రేకు చీరుకుపోయి పట్టు కూడా దొరకదు. డబ్బా అడుగు మీద టోపీలా తొడిగే పానా అలాంటప్పుడు నయం.

మూత విప్పి లోపలి కాగితం ఫిల్టర్ మాత్రమే మార్చే ఇంజిన్లలో మూతకున్న గుండ్రటి రబ్బరు రింగును (ఓ-రింగును) ప్రతిసారీ మార్చాలి, పాతది ఉన్న గాడిలోనే కొత్తది కూర్చోవాలి. ప్యాకెట్లో రెండు మూడు సైజులు వస్తే పాతదానితో కొలత చూసుకోండి. మూత మీద టార్క్ అచ్చు పోసి ఉంటుంది, చాలావాటికి 25 న్యూటన్ మీటర్లు. ప్లాస్టిక్ మూతలు మించి బిగిస్తే పగులుతాయి.

స్టార్ట్ చేశాక యాక్సిలరేటర్ తొక్కకూడదు. ఆయిల్ లైటు కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. పది సెకన్లయినా ఆరలేదంటే వెంటనే ఆపేయండి. ఇంజిన్ నడుస్తుండగా ఇంకొకరు పక్కనుంచి టార్చి వేసి ఫిల్టర్ బ్లాకుకు ఆనే చోటు చూస్తే మంచిది. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని మాత్రం ఎవరూ కారు కిందికి దూరకూడదు, స్టాండ్లు ఉండాల్సిందే. అరనిమిషం, నిమిషం నడిపి ఆపి, బండి సమతలంగా ఉంచి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడాలి. ఫిల్టర్ కొంత ఆయిల్ తాగుతుంది కాబట్టి మట్టం తగ్గి కనిపిస్తుంది, ఆ మేరకు పోయాలి. కడ్డీ మీది పై గీత దాటనివ్వకండి, ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్టు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. మొదటిసారి బండి నడిపి వచ్చాక ఫిల్టర్ మొదలు చుట్టూ తెల్ల కాగితంతో తుడిచి తడి ఉందేమో చూడాలి.

మీ వ్యాసం చదివి ఇప్పటికే పానాతో బిగించుకున్నవారు కంగారు పడనక్కర్లేదు. కారకపోతే అలాగే వదిలేయండి, వచ్చేసారి విప్పడానికి ఆ టోపీ పానా సిద్ధంగా పెట్టుకోండి. పాత రింగు వచ్చిందో లేదో చూసుకోనివారు మాత్రం పారేయకముందే పాత ఫిల్టర్‌ను తిరగేసి చూడాలి. దానికి రింగు లేకపోతే ఇంజిన్ స్టార్ట్ చేయకండి. కింద పళ్లెం పెట్టి కొత్త ఫిల్టర్ విప్పి, బ్లాకు మీదున్న పాతదాన్ని తీసి మళ్లీ బిగించుకోండి.

– ఒక కారు మెకానిక్