సంపు నీళ్లు కాచకుండా తాగొద్దు

అందరికీ నమస్కారం. రాత్రి వానకు మన వీధి చివర కాలవ పొంగి, రెండిళ్ల సంపుల్లోకి మురుగు చేరింది. పొద్దున మేం పట్టిన బిందె అడుగున ఎర్రమట్టి వేలెడు మందాన పేరుకుంది. 2021 నవంబరు వరదలప్పుడు తిరుపతిలో ఎంత అవస్థ పడ్డామో గుర్తుంది కదా.

నీళ్లు కదపకుండా తేరనిచ్చి, పైతేటను నాలుగు మడతల నూలుగుడ్డలో వడకట్టండి. తర్వాత కాచండి. అంచున బుడగలు రాగానే దించేస్తే చాలదు, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషమైనా అట్లే తెర్లనివ్వాలి. మూతపెట్టి ఆరనివ్వండి. చెయ్యి, చెంబు ముంచకుండా వంచుకోండి.

గ్యాస్ లేకుంటే క్లోరిన్ మాత్రలు. ఎన్ని లీటర్లకు ఒకటో అట్ట మీదే ఉంటుంది, వేసి 30 నిమిషాలు ఆగండి. కొంచెం వాసన వస్తుంది, భయం లేదు. పటిక మట్టిని దించుతుంది, క్రిముల్ని చంపదు. మా అమ్మ పటికే చాలంటుంది, చాలదమ్మా! పెట్రోలు, పురుగుమందు వాసనొస్తే కాచినా తాగొద్దు.

చంటిబిడ్డల పాలకూ, పండ్లు తోముకోడానికీ కాచిన నీళ్లే. మా ఇంట్లో రెండో సిలిండరు ఉంది. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు బిందె పంపండి, కాచి ఇస్తాం.