నీటి మీద రాయి

అక్కయ్యపాలెం, విశాఖపట్నం
ఆదివారం పొద్దున్న

చి.ల.సౌ. అమ్మలుకి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇలా రాసి ఎన్నేళ్లయిందో, నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు రాసేవాణ్ణి. ఇప్పుడు ఫోన్ చేస్తే "మందులేసుకున్నావా, వాకింగ్‌కి వెళ్లావా" అని రెండు ముక్కలడిగి అమ్మకిచ్చెయ్యమంటున్నావు. అందుకని కాగితం పట్టాను. గుండె ఆపరేషన్ కుట్లు మానాయి. దానికోసం నరం తీసిన ఎడమ కాలు మాత్రం సాయంత్రానికి కాస్త వాస్తోంది.

మొన్న అల్లుడుగారు మాటల్లో నోరు జారారు. ఐసీయూలో నేనన్న మాటలు తలుచుకుని నువ్వింకా ఏడుస్తున్నావట. "మతి తప్పినప్పుడే కదా మనసులో ఉన్నది బయటికొచ్చేది" అన్నావట. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం.

నాకేమీ గుర్తు లేదని నీతో చెప్పాను చూడు, అది అబద్ధం. ఆపరేషన్ గుర్తు లేదు, గొట్టం ఎప్పుడు తీశారో గుర్తు లేదు. ఆ మాటలు మాత్రం బాగా గుర్తున్నాయి. "ఇది నా కూతురు కాదు, కాగితాల కోసం వచ్చింది, గేటు బయటికి పంపెయ్యండి" అన్నాను. నువ్వు చెంచాతో పెడుతున్న పెసరజావలో ఏదో కలిపారని ఉమ్మేశాను. నీ తెల్ల చున్నీ మీద పడింది. నువ్వు చున్నీ సంగతి చూసుకోకుండా ముందు నా గడ్డం తుడిచావు. అదీ గుర్తుంది.

అప్పుడు నేనెక్కడున్నానో చెప్తాను విను. ఓడలో, అడుగున సరుకు నింపే హోల్డులో ఉన్నాను. మంగళవారం ఆపరేషనైతే బుధవారం నిన్ను క్రికెట్ స్కోరు అడిగానట, అంతా బాగానే ఉన్నానట. గురువారం రాత్రి మొదలైంది. మానిటర్ కొట్టే ఒక్కో టిక్కూ నాకు క్రేను స్లింగులోంచి ఒక్కో బియ్యం బస్తా దిగిన చప్పుడులా వినపడింది. 36 ఏళ్లు పోర్టులో టాలీ, అంటే ఎక్కే దిగే సరుకు లెక్క, రాసినవాణ్ణి, ఊరుకుంటానా? లెక్కపెట్టడం మొదలెట్టాను. వందో నూటపదో అయ్యేసరికి ఎవరో వచ్చి బీపీ పట్టేవారు, లెక్క తప్పేది, మళ్లీ ఒకటి నుంచి. తెల్లవార్లూ ఇదే పని. ఓడ హార్బర్ ఛానెల్లో ఉంటే ఒక పక్క డాల్ఫిన్ నోస్ కొండ, ఇంకో పక్క మూడు కొండలూ కనపడాలి కదా, వెంకటేశ్వరస్వామి కొండ, దర్గా కొండ, చర్చి ఉన్న రాస్ హిల్. ఎంత వెతికినా తెల్లటి సీలింగు తప్ప ఏమీ లేదు. అంటే హార్బర్ దాటేశాం. అంటే నన్ను అండమాన్ తీసుకుపోతున్నారు. చూశావా, మొదటి అంకె ఒక్కటే తప్పు, ఆ తర్వాత కూడికలన్నీ కరెక్టే.

సరిగ్గా అప్పుడు నువ్వు చేతిలో కాగితాలతో వచ్చావు. ఇన్సూరెన్స్ ఫారాలట. "నాన్నా, ఇక్కడో సంతకం" అన్నావు.

1986లో పంచదార బస్తాలు 40 తక్కువొస్తే, సరిపోయిందని టాలీ మీద సంతకం పెట్టమని నా మీద ఒత్తిడొచ్చింది. పెట్టలేదు. పెట్టలేదు కానీ మూడు రాత్రులు నిద్ర పోలేదు. అమ్మనడుగు, చెప్తుంది. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా కలలో ఎవరైనా పెన్ను చేతికిస్తే చెమట్లు పట్టేవి. ఆ రాత్రి నేను భయపడింది ఆ సంతకానికి. కాగితం నీ చేతిలో ఉంది కాబట్టి తిట్లు నువ్వు తిన్నావు.

ఇంటి సంగతి అనుకున్నావేమో. ఈ ఇల్లు అమ్మేసి బెంగళూరు వచ్చెయ్యండని నువ్వన్నది నిజమే, అది నాకు నచ్చనిదీ నిజమే. కానీ ఆ మాట నేను పూర్తి మెలకువలో, కాఫీ తాగుతూ, నీ మొహం మీదే చెప్పాను కదమ్మా. ఇక లోపల దాచుకున్నదేముంది, బయటపడడానికి?

డాక్టరుగారు దీన్ని డెలీరియం అన్నారు. మా నాయనమ్మ అయితే "సంధి పుట్టింది" అనేది, టైఫాయిడ్ ముదిరి మనిషి ప్రేలుతుంటే. డెలీరియం అన్న మాటకి లాటిన్‌లో నాగలి చాలు తప్పడం అని అర్థమట. తాత దున్నుతుంటే నేను చూసినవాణ్ణే. ఎద్దు బెదిరితే నాగలి చాలు తప్పుతుంది. ఎద్దు మనసులో ఎప్పటి నుంచో ఏదో ఉందని తాత అనలేదు, కర్రు సర్దుకుని మళ్లీ తోలేవాడు.

గుండె ఆపరేషనైన పెద్దవాళ్లలో నలుగురైదుగురిలో ఒకరికి వస్తుందట. తుంటి విరిగి ఆపరేషనైన ముసలివాళ్లకీ ఎక్కువేనట. ఫలానా దానివల్ల అని ఒక్క కారణం చూపించలేమన్నారు. వయసు, మత్తు, ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్‌లంగ్ మెషీను, నొప్పి మందులు, పగలూ రాత్రీ ఒకటే లైట్లు, నిద్ర లేకపోవడం. నాకైతే సోడియం 128కి పడిపోయింది, 135 పైన ఉండాలి. యూరిన్‌లో ఇన్ఫెక్షన్ కూడా దొరికింది. వీటికి తోడు చెవి మిషను, కళ్లజోడు తీసి కవర్లో పెట్టేశారు. సగం వినపడి సగం కనపడేవాడు మిగతా సగం సొంతంగా కల్పించుకుంటాడు మరి.

ఇంకొకటుంది, ఇది అమ్మకి కూడా ఈ మధ్యే చెప్పాను. రెండేళ్లుగా రాత్రి పడుకునేముందు నిద్రకని సగం ఆల్‌ప్రజోలం బిళ్ల వేసుకుంటున్నాను. ఎప్పుడో ఎవరో రాసిచ్చిన చీటీ, మందుల షాపువాడు ఇస్తూనే ఉన్నాడు. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు "ఇంకేమైనా మందులు వాడుతున్నారా, తాగుతారా" అని గుచ్చిగుచ్చి అడిగారు. నువ్వు పక్కనున్నావు, సిగ్గేసి లేదన్నాను. రోజూ వేసుకునే ఆ బిళ్ల ఒక్కసారి ఆగిపోయినా, రోజూ తాగేవాడికి మందు ఆగిపోయినా, రెండు మూడు రోజులకి ఇలాగే మతి తప్పవచ్చట. నువ్వు పడ్డదాంట్లో నా సగం బిళ్ల వాటా ఎంతో మరి. దానికి మాత్రం నిన్ను క్షమించమని అడగాలి, ఎందుకంటే ఆ అబద్ధం నేను తెలివిలో ఉండగా ఆడాను.

పాలకొండ నుంచి వచ్చిన ఆ సన్నపాటి సిస్టర్ గుర్తుందా? రోజూ నా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషు అక్షరాలు పది చదివేది. A అన్నప్పుడల్లా వేలు నొక్కమనేది. నేను పది అక్షరాలకీ పదిసార్లు నొక్కాను. టాలీ కదా! తర్వాత ప్రశ్నలు. "తాతా, సముద్రంలో చేపలుంటాయేటి?" హార్బర్లో బతికినవాణ్ణి పట్టుకుని అడిగే ప్రశ్నేనా అది? ఉంటాయన్నాను. "నీటి మీద రాయి తేల్తాదేటి?" అంది. "నలుడు వేస్తే తేల్తాది" అన్నాను. పాపం ఆ పిల్ల రాసుకోబోయి ఆగిపోయింది. రోగికి ధ్యాస నిలుస్తోందా, ఆలోచన సరిగ్గా సాగుతోందా అని చూసే పరీక్షట అది, చాలా దేశాల్లో ఇలాంటి ప్రశ్నలేనట. ఆ జవాబుకి నాకు మార్కు పడలేదు. అన్యాయమనే ఇప్పటికీ అంటాను.

నేను గొడవ చేశాను కాబట్టి నలుగురూ పట్టించుకున్నారు. మూడో బెడ్ పెద్దాయన కిక్కురుమనకుండా కళ్లు మూసుకుని పడుండేవాడు. "మంచాయన, ఇబ్బంది పెట్టడు" అనేవాళ్లు అందరూ. ఆయనకీ అదే జబ్బట. అలా మగతగా ఉండే రకాన్నే ఎక్కువగా పోల్చుకోలేరట, దానివల్లే ముప్పెక్కువట. వాళ్ల కోడలు "మామయ్య నన్ను పేరు పెట్టి పిలవడం లేదు" అని పోరితేగాని ఎవరూ చూడలేదు.

ఒక రాత్రి చేతులు మంచానికి కట్టారు. లైన్లు పీకేస్తానని వాళ్ల భయం, కాదనను. కట్టాక మాత్రం నన్ను ఖైదీగా తీసుకుపోతున్నారన్నది రూఢి అయిపోయింది నాకు. బాబాయి వచ్చి "ఓడేంటి, పిచ్చా నీకు" అని కేకలేశాడు, వాడూ ఆ ముఠాలోవాడే అనుకున్నాను. నువ్వొక్కదానివే వాదన పెట్టుకోలేదు. అవునూ అనలేదు. "నేను అమ్మలుని. ఇది ఆసుపత్రి. పొద్దున్న ఏడైంది" అన్నావు, అన్ని తిట్లు తిని కూడా. అయిదో రోజు సిస్టర్‌తో పోట్లాడి చెవి మిషను పెట్టించావు, కళ్లజోడు తుడిచి పెట్టావు, ఎదురుగా గడియారం తగిలించావు. మిషను పెట్టగానే ముందు వినపడింది నీ గొంతు. బస్తాల చప్పుడు ఆ సాయంత్రానికి టిక్‌టిక్‌గా మారిపోయింది.

కొందరికి ఇది తగ్గాక కూడా మతిమరుపు ఉండిపోతుందట. మూడు నెలలకి ఓసారి పరీక్ష చేయించమన్నారు. రోజూ పొద్దున్న, నేను పోర్టులో చేరినప్పుడున్న ఓడలు ఆగే బెర్తుల పేర్లు వరసగా చెప్పుకుంటున్నాను. ఇప్పటికి ఒక్కటీ పోలేదు.

ఇప్పుడు అసలు పని. అమ్మ మోకాలి ఆపరేషన్ వచ్చే నెల 12న. నడుముకే మత్తిస్తారు, అయినా రాదని గ్యారంటీ లేదన్నారు. కళ్లజోడు, కట్టుడుపళ్లు వెంటనే తిరిగి పెట్టాలని, నిద్రమాత్రలు ఇచ్చేముందు అడగమని నేనే డాక్టరుకి చెప్పాను. అమ్మ వేసుకునే బిళ్లలన్నీ, ఆ ఆయుర్వేదం చూర్ణంతో సహా, కాగితం మీద రాసి పెట్టాను. రాత్రిళ్లు పక్కన తెలిసిన మనిషి ఉండాలన్నారు. నేనుంటాను, కానీ పదిదాటితే నాకే నిద్ర ముంచుకొస్తోంది. బిళ్ల మానిపిస్తున్నారుగా, డాక్టరు చెప్పినట్టే కొంచెం కొంచెంగా, అయినా నిద్ర పడుతోంది.

రాయి సంగతి అమ్మకి ముందే చెప్పి ఉంచాను, అడిగితే తేలదని చెప్పవే అని. "నేనెందుకు చెప్తాను? రాముడి రాళ్లు తేలలేదేటి?" అంటోంది. నా మాట ఎప్పుడు విన్నది గనక. నువ్వొచ్చి చెప్పుకో.

నాన్న