పక్క మంచం వాళ్లకు వినపడకుండా అడుగు

చిన్నీ,

సోమవారం నుంచి డ్యూటీ అన్నావు. ఫిజియోథెరపిస్ట్ కోటు వేసుకుని నువ్వు పంపిన ఫొటోని నాన్న వీధి వీధంతా చూపించారు. ఈ సంగతి నీకు ఫోన్‌లో చెబితే మధ్యలో ఏడుస్తానేమోనని రాస్తున్నాను.

నాకు ఫిట్స్ ఉన్నాయని నీకు తెలుసు. నువ్వు ఇంటర్‌లో, హాస్టల్లో ఉన్నప్పుడు నా కుడి భుజం పట్టేసింది కదా, మంచం మీంచి పడ్డానని చెప్పాను. పడలేదమ్మా. నిద్రలో ఫిట్స్ వచ్చాయి. లేచేసరికి చెయ్యి కదల్లేదు.

మొదట వెళ్లిన ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు బిగుసుకుపోయింది అన్నారు. పది రోజులు చెయ్యి లాగి పైకెత్తించారు, ప్రాణం పోయేది. చేయించే అబ్బాయి ఫిట్స్ సంగతి అడగలేదు, నేను చెప్పలేదు. ఒకరోజు అక్కడే ఫిట్స్ వచ్చాయి. నాకేం తెలుస్తుంది, నాన్న చెప్పిందే. ఇద్దరు కాళ్లూ చేతులూ అదిమిపట్టారట, ఒకరు తాళాలగుత్తి చేతిలో పెట్టారట, ఇంకొకరు నోట్లో చెంచా పెట్టబోతే నాన్న ఆపారట. కళ్లు తెరిస్తే చుట్టూ జనం. చీర తడిసిపోయి ఉంది. ఫిట్స్ ఉన్నవాళ్లకి ఎక్సర్‌సైజులు పడవు, రేపట్నుంచి రావద్దన్నారు.

అత్తయ్య చెబితే కాకినాడలో ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాం, ఆవిడా ఫిజియోథెరపిస్టే. చెయ్యి ముట్టుకోకముందే కర్టెన్ లాగింది. దగ్గరగా కూర్చుని, పక్క మంచం వాళ్లకు వినపడకుండా అడిగింది: "నొప్పి మొదలైన రోజు పొద్దున నాలుక కొరుక్కుని ఉందా అమ్మా? పక్క తడిసిందా? ఒళ్లంతా నొప్పులా?" అన్నిటికీ తలూపాను.

మోచెయ్యి మడిచి, ముంజేతిని బయటికి తిప్పమంది. రవ్వంత కూడా తిరగలేదు. ఇక లాగకూడదని వదిలేసింది. ఫిట్స్‌లో కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటే భుజం కీలు వెనక్కి జారవచ్చట. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ఒక్కోసారి అది దొరకదట. వేరే కోణంలోనూ తీయించమని ఎముకల డాక్టరుకి చీటీ రాసింది. ఆవిడ అనుకున్నదే నిజమైంది. మత్తిచ్చి కీలు సరిచేశారు.

కట్టు విప్పాక మూడు నెలలు ఆవిడ దగ్గరే. మాత్ర వేసుకున్నారా, రాత్రి నిద్ర పట్టిందా అని అడక్కుండా మొదలుపెట్టేది కాదు. ట్రెడ్‌మిల్ జోలికి పోనివ్వకుండా అన్నీ చాప మీదే చేయించింది. నేను ఫిట్స్‌కి వాడే ఫినైటోయిన్ మాత్ర ఏళ్ల తరబడి వేసుకుంటే ఎముకలు పల్చబడవచ్చని, నడక మానొద్దని, విటమిన్ డి గురించి డాక్టర్ని అడగమని చెప్పింది. ఇవన్నీ నీ పుస్తకాల్లో ఉండే ఉంటాయి.

అక్కడా ఒకసారి ఫిట్స్ వచ్చాయి. ఎవర్నీ పట్టుకోనివ్వలేదట. తలకింద తువ్వాలు మడిచిపెట్టి, వాచీ చూస్తూ కూర్చుందట. అయిదు నిమిషాలు దాటితే 108కి చేయమని నాన్నకి చెప్పింది. రెండు నిమిషాల్లోపే ఆగాయి, పక్కకి తిప్పి పడుకోబెట్టింది. నేను కళ్లు తెరిచేసరికి కర్టెన్ వేసి ఉంది, నడుం మీదుగా దుప్పటి కప్పి ఉంది, కుర్చీలో ఆవిడ ఒక్కతే. "ఫిట్స్ వచ్చి తగ్గాయమ్మా, మీరు క్లినిక్‌లోనే ఉన్నారు" అంది. చీర తడిసిన సంగతి ఆవిడకీ నాకూ తప్ప ఎవరికీ తెలియలేదు. ఆ దుప్పటి నేను జన్మలో మర్చిపోను.

నీ దగ్గరికి నడుంనొప్పనో మోకాలునొప్పనో వచ్చేవాళ్లలో నాలా దాచేవాళ్లు ఉంటారు. సంబంధాలు తప్పిపోతాయని, పనిలోంచి తీసేస్తారని భయం. మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదనే మాటని 1999లో హిందూ వివాహ చట్టంలోంచి తీసేశారు. మనుషుల నోళ్లలోంచి ఇంకా పోలేదు. సరిగ్గా మందులు వాడితే 100 మందిలో 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ఎంతమందికి తెలుసు? అందుకే నువ్వే అడుగు. అందరి ముందూ అడక్కు.

పార్శిల్‌లో సెకన్ల ముల్లున్న వాచీ పెట్టాను. పట్టీ వదులైతే ఒక కన్నం ఎక్కువ పొడిపించుకో.

అమ్మ