ఈ వేసవి శిబిరం ఫీజులో మార్పు, దానికి కారణమైన నిరుటి పొరపాటు

మా శిబిరానికి పిల్లలను పంపే తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ వేసవి నుంచి మా శిబిరానికి ఒకే ఫీజు ఉండదు, మూడు రకాల ఫీజులు ఉంటాయి. ఏది కట్టాలో మీరే ఎంచుకుంటారు. ఎందుకిలా మార్చామో చెప్పాలంటే నిరుడు జరిగినది దాచకుండా చెప్పక తప్పదు.

నిరుడు ఉన్న 40 సీట్లలో పదింటిని తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లలకు ఉచితంగా కేటాయించి, ఆ సంగతి మీ అందరికీ కాస్త గొప్పగానే చెప్పుకున్నాను. పదింటిలో నిండినవి ఆరే. ఆ ఆరుగురిలోనూ చివరి రోజు దాకా వచ్చినవారు ముగ్గురు. ఫీజు తీసేస్తే చాలు, పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చేస్తారనుకోవడం నా తెలివితక్కువ లెక్క. మానేసిన ముగ్గురి ఇళ్లకూ వెళ్లి కూర్చుని మాట్లాడాక గాని నాకు అది బోధపడలేదు.

ఒక అబ్బాయి తల్లి పని సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది, మా శిబిరమేమో మధ్యాహ్నం ఒంటిగంటకే ముగిసేది. మధ్యలో పిల్లవాడిని తీసుకెళ్లేవారు లేరు, ఇంట్లో చూసుకునేవారూ లేరు. రెండో అబ్బాయికి ఈత దుస్తులు లేవు. మేము పంపిన ‘ఇంటి నుంచి తెచ్చుకోవలసినవి’ అనే కాగితంలో ఈత దుస్తులు, బూట్లు, టోపీ, వీపు సంచి అన్నీ ఉన్నాయి. అవన్నీ కొనాలంటే అదే మరో ఫీజు అవుతుందని ఆ కాగితం రాసిన నాకే తట్టలేదు. ఈత ఉన్న రోజుల్లో ఆ అబ్బాయి కడుపునొప్పి అని చెప్పేవాడట. మూడోసారి చెప్పాక పూర్తిగా మానేశాడు.

మూడో పాప సంగతి పూర్తిగా నా తప్పు. ఫీజు అడగకూడని పిల్లలెవరో సిబ్బందికి తెలియాలని, గేటు దగ్గర బల్ల మీద ఉండే హాజరు పట్టికలో వారి పేర్ల పక్కన ఎర్ర చుక్క పెట్టించాను. ఎనిమిదేళ్ల ఆ పాప బల్లకు అవతలి వైపు నిలబడి, పట్టికను తలకిందులుగానే చదువుకుని, “నా పేరు పక్కన ఈ చుక్క ఎందుకుంది?” అని అడిగింది. వరుసలో వెనక నిలబడ్డవారు వింటూ ఉండగానే మా వాలంటీరు, “నీకు ఫీజు లేదు కదమ్మా, అందుకు” అని మంచి మనసుతోనే చెప్పింది. ఆ రోజు బొమ్మల తరగతిలో పాప చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది తప్ప రంగుల డబ్బా ముట్టుకోలేదు. అడిగితే, “అవి డబ్బులు కట్టినవాళ్లవి” అంది. మర్నాటి నుంచి రాలేదు.

అందుకే ఈసారి ఉచిత సీట్లు అనే మాటనే తీసేశాం. మధ్య ఫీజు ఒక పిల్లవాడికి మాకయ్యే అసలు ఖర్చుకు సమానం, తక్కువ ఫీజు అందులో అయిదో వంతు, ఎక్కువ ఫీజు మధ్య ఫీజు కంటే పావు వంతు అధికం. ఆ అయిదో వంతూ కట్టలేనివారు ఫారంలో ఒక గడిలో టిక్కు పెడితే చాలు. ఏది కట్టినా సీటు అదే, సామాను అదే, పట్టికలో పేరు అక్షరక్రమంలో అందరితో పాటే. ఎవరు ఎంత కట్టారన్నది నాకూ లెక్కలు చూసే ఒక్కరికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆదాయ ధ్రువీకరణ పత్రం అడగం. దాని కోసం తిరిగితే ఒక పూట పని పోతుంది, అవతల ఎవరి ముందో చెయ్యి చాచినట్టు ఉంటుంది. ఉన్నవారు కూడా తక్కువ ఫీజు ఎంచుకుంటే ఎలాగని కొందరు ముందే అడిగారు. ఒకరిద్దరు ఎంచుకోవచ్చు. వారిని పట్టుకోవడానికి మిగతావారందరినీ అనుమానించడం నాకు ఇష్టం లేదు.

లెక్క కూడా చెబుతాను. పది మంది అయిదో వంతు కడితే ఎనిమిది మంది పిల్లల ఖర్చుకు సరిపడా సొమ్ము తగ్గుతుంది. పదహారు మంది పావు వంతు అదనంగా కడితే అందులో సగం పూడుతుంది. మిగిలిన నలుగురి ఖర్చు కోసం పేరు అచ్చువేసిన చొక్కాలు, ముగింపు రోజు వేదిక అలంకరణ మానేశాం. అప్పటికీ చాలకపోతే నా జేబులోంచి పోతుంది. ఒకవేళ పదహారు మంది ముందుకు రాకపోతే వచ్చే ఏడాది ఈ పద్ధతి నడపగలనో లేదో ఇప్పుడే మాట ఇవ్వలేను.

ఇది వ్యాపారమా, దానధర్మమా అని ఒక మిత్రుడు అడిగారు. ఇలాంటి శిబిరాలు దానంగా మొదలైన మాట నిజమే. 1876లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో వాల్టర్ బియోన్ అనే పాస్టరు 68 మంది పేద పిల్లలను రెండు వారాల పాటు అప్పెన్‌జెల్ కొండలకు తీసుకెళ్లారు, యూరప్‌లో పిల్లల సెలవు శిబిరాలకు నాంది అదేనంటారు. అయితే 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం ఆటను, విశ్రాంతిని ప్రతి బిడ్డ హక్కుగానే గుర్తించింది. నా వరకు ఇది వ్యాపారమే, కాకపోతే గేటు దగ్గర బల్ల ఎలా వేయాలో కొత్తగా నేర్చుకుంటున్నాను.

ఇకపై శిబిరం సాయంత్రం ఆరున్నర దాకా ఉంటుంది, ముందే తీసుకెళ్లదలచినవారు ఒంటిగంటకు రావచ్చు. ఈత దుస్తులు, బూట్లు, సంచీ పిల్లలందరికీ మేమే ఇస్తాం కాబట్టి ఫారంలో కొలతలు తప్పక రాయండి.

ఆ పాప ఇంటికి పోయిన వారం మళ్లీ వెళ్లి, చుక్క తీసేశామని చెప్పాను. తల్లి “చూద్దాం లెండి” అన్నారు. పాప తలుపు వెనక నుంచి విన్నది, బయటికి రాలేదు. శిబిరం మొదలయ్యే రోజు ఉదయం దాకా ఆ సీటు ఇంకెవరికీ ఇవ్వను.