అక్క ఆపరేషన్‌కి ముందు మా పక్కన నిలబడినవాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మా అక్కకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చేసింది, నిన్నటి నుంచి తన జడ తనే వేసుకుంటోంది. ఫోన్ చేసి అడిగిన అందరికీ విడివిడిగా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా సర్జన్ మేడమ్‌కి. బయాప్సీలో, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో, లోబ్యులార్ రకం (పాలగ్రంథుల్లో మొదలయ్యేది) అని తేలింది. ఈ రకంలో కణాలు ఒకచోట ముద్దగా చేరకుండా వరసకట్టి పాకుతాయి కాబట్టి మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, గడ్డ ఉన్నదానికన్నా చిన్నగా కనపడొచ్చట. అందుకే ఆపరేషన్‌కి ముందు ఎంఆర్ఐ కావాలని ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. "అందరికీ రాయనమ్మా" అని కూడా అన్నారు. బ్రిటన్‌లో 1,600 మందికి పైగా ఆడవాళ్ల మీద కామిస్ అనే అధ్యయనం చేసి 2010లో ఫలితాలు ప్రకటించారట. అందులో ఎంఆర్ఐ తీసినా తీయకపోయినా, మళ్లీ ఆపరేషన్ అవసరమైంది నూటికి 19 మందికే. కాబట్టి కారణం ఉంటేనే రాస్తానన్నారు. అంత రద్దీలో మాకు ఇదంతా విప్పి చెప్పే తీరిక ఆవిడకి ఎక్కడిది? అయినా చెప్పారు. మాకు ధైర్యం వచ్చింది అక్కడే.

స్కాన్ గదిలో ఉన్న టెక్నీషియన్ అమ్మాయికి ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో తెలియదు. లోహం ఏదీ ఉండకూడదు కదా, మెట్టెలు తీసేసరికే అక్క కళ్లలో నీళ్లు. పుస్తెల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఆ అమ్మాయి తొందర పెట్టలేదు. ఆయమ్మని పంపించి పసుపుకొమ్ము, దారం తెప్పించి, "ఇది కట్టుకోండి ఆంటీ, దీనికి మిషన్ ఏమీ అనదు" అంది. అక్క ఆ దారం కట్టుకున్నాకే పుస్తెలు తీసి నా చేతిలో పెట్టింది. తర్వాత బోర్లా పడుకోబెట్టి, రొమ్ములు కిందికి వేలాడేలా బల్లకున్న రెండు ఖాళీల్లో సర్దారు. చేతులు తలపైకి చాచి, కదలకుండా అరగంటకు పైగా. ఆ చప్పుడుకి చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టారు. మధ్యలో చేతి నరం ద్వారా కాంట్రాస్ట్ అనే మందు ఎక్కించి మళ్లీ మళ్లీ తీశారు. గడ్డలో కొత్తగా పుట్టిన రక్తనాళాలు ఆ మందును గబగబా పీల్చుకుంటాయట, అందుకే ఆ చోటు వెలుగుతుంది. ప్రతి విడతకీ ముందు మైకులో "ఇంకో రెండు నిమిషాలే ఆంటీ" అని ఆ అమ్మాయి గొంతు వినపడుతూనే ఉందని అక్క ఇప్పటికీ తలుచుకుంటుంది.

రిపోర్టులో అసలు గడ్డ మామోగ్రామ్ చెప్పినదానికన్నా పెద్దదని వచ్చింది. అదే రొమ్ములో ఇంకోచోట మరో మచ్చ కూడా ఉంది. ఇంట్లో ఒకటే టెన్షన్. బంధువుల్లో సగంమంది మొత్తం తీయించేయమన్నారు. స్కాన్లు చూసి రిపోర్టు ఇచ్చే మా రేడియాలజిస్టు గారు మమ్మల్ని కూర్చోబెట్టి, ఎంఆర్ఐకి కన్ను చాలా చురుకు, కానీ ప్రమాదం లేనివి కూడా అందులో వెలుగుతాయి, ముక్క తీసి చూడకుండా ఆపరేషన్ మార్చే ప్రశ్నే లేదు అన్నారు. ఆ మచ్చ ఎక్కడుందో మళ్లీ అల్ట్రాసౌండ్‌లో వెతికి పట్టుకుని సూదితో శాంపిల్ తీశారు. ఫైబ్రోఅడినోమా, క్యాన్సర్ కాదు. ఆయన పట్టుదల లేకపోతే అక్క ఆ రొమ్ము పోగొట్టుకునేది. సార్, మా ఇంటిల్లిపాదీ మీకు నమస్కరిస్తున్నాం.

గడ్డ అసలు సైజు ముందే తెలియడంతో మేడమ్ మొదటిసారే కాస్త వెడల్పుగా తీశారు. మార్జిన్లు క్లియర్, అంటే తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదు అని పాథాలజీ రిపోర్టు వచ్చింది, చంకలో గ్రంథులు కూడా బాగానే ఉన్నాయి. రొమ్ము ఉంచి రేడియేషన్ ఇచ్చినా, మొత్తం తీసేసినా ఆయుష్షులో తేడా లేదని 20 ఏళ్లు గమనించి చూసిన ఫలితాలు 2002లోనే వచ్చాయని పెద్దమామయ్యకి ఓపిగ్గా ఫోన్లో వివరించిన నా క్లాస్‌మేట్ డాక్టరుకి, స్కాన్ డబ్బులు అడక్కుండానే పంపిన స్నేహితురాలికి, రోజూ క్యారేజీ మోసుకొచ్చిన పిన్నికి కూడా పేరుపేరునా కృతజ్ఞతలు.

కుట్లు పూర్తిగా మానాక రేడియేషన్ మొదలుపెడతారు. రోజూ తీసుకెళ్లి తీసుకొస్తానని మా వీధి ఆటో అన్న ఇప్పటికే మాటిచ్చారు. ఆయనకి ముందుగానే థ్యాంక్స్.